పది గంటలకు ముందు

టికెట్ మీద రాసుంది: ఉదయం పది, కొండారెడ్డి బురుజు,
టోపీ, నీళ్ళ సీసా తప్పనిసరి.
డోన్ మీదుగా వచ్చిన ప్యాసింజరు దిగేసరికి
ఇంకా ఆరు కాలేదు.

ముప్పై ఒక్క ఏళ్ళు కర్నూలు నాకొక గూడు.
రైల్లో, మెయిల్ బోగీలో, ఎడమ నుంచి నాలుగోది,
నా మోచేతి ఎత్తులో.
బుధవారపేట, నర్సింగరావుపేట, కొత్తపేట, చిత్తారి వీధి
అన్నీ నాకు చేతిరాతలే.
బుధవారపేట జాబు బేస్తవారం చేరుతుందని
మా హెడ్ సార్టర్ నబీ రసూల్ ప్రతి వారం అదే నవ్వు నవ్వేవాడు,
మేమూ ప్రతి వారం నవ్వేవాళ్ళం.
ఇక్కడ బండి ఆగేది నాలుగు నిమిషాలు.
సంచులు దించి సంచులు ఎక్కించేలోగా
తలుపంత వెడల్పున ఊరు కనపడిపోయేది:
ఒక దీపస్తంభం, ఒక కుక్క,
పోర్టరు వీపు.

ఆ నాలుగు నిమిషాలు దాచిపెడితే
ఇయ్యాల నాలుగు గంటలైనాయి.

చిత్తారి వీధి నిజంగా ఇంత ఇరుకా!
కార్డు మీద సగం చోటు అదే మింగేది గదా.
తోపుడుబండి దగ్గర ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు.
"యా ఊరన్నా?"
"గుత్తి."
"పనిమీద వచ్చినావా?"
"చూసేకి."
ఆమె గరిటె ఆపి
నా వెనక ఏమన్నా ఉందేమోనని తొంగిచూసింది.

హంద్రి పక్కకు దిగితే పాత గుమ్మటం.
మెట్లమీద ఒక మేక, దానికి టికెట్ లేదు, తొందరా లేదు.
దారిలో ఒక ఇంటిగోడకు తారుగీత,
పక్కన వంకరగా 2009.
నా తలకు జానెడు పైన.
ఆ నెలంతా నీళ్ళు తాగి ఉబ్బిన కవర్లు,
అక్షరాలు కారిపోయి, మళ్ళా మా బోగీకే వచ్చేవి.
ఒక్కోదాని మీద ముద్ర కొట్టినాను:
ఇంట్లో లేరు. ఇంట్లో లేరు.
ఇల్లుందో లేదో చెప్పే ముద్ర
మా దగ్గర ఉండేది కాదు.

షామియానా అంగడి తెరుస్తున్న హుసేన్‌బీ
కుర్చీలు దించుతూ నన్నొక చెయ్యి వెయ్యమంది.
వేసినాను.
"రాజధాని మా తాత గుడారాల్లోనే ఉండె సామీ,
పెద్దగాలి లేస్తే
ఫైళ్ళు పట్టుకుంటారా, గుంజలు పట్టుకుంటారా
అని నవ్వుతాండె."
"బాడిగ వచ్చిందా?"
"సగం వచ్చింది. సగానికి రాజధానే పాయ."
అంగడి మూలన ఒక ఇనుప మేకు,
తల అణిగి, పుట్టగొడుగులా.
ఆ కాలందో, పోయిన నెల పెండ్లిదో
ఆమెకూ తెలీదంట.

లారీ షెడ్డు ముందు ఒక పిల్లోడు
ఇరుసుకు గ్రీజు పట్టిస్తున్నాడు.
దాటబోయి రాసుకున్నాను.

పదికి బురుజు కింద పదకొండు మందిమి.
గైడు మద్దిలేటి, మెడలో చిన్న మైకు,
చొక్కాకు ఇస్త్రీ గీతలు ఇంకా వేడిగానే ఉన్నట్టున్నాయి.
బురుజు చరిత్ర చెప్పినాడు. మూడేళ్ళ రాజధాని చెప్పినాడు,
"గుడారాల ఆనవాళ్ళు ఇప్పుడేం లేవు సార్" అన్నాడు.
నేను నోరు తెరవలేదు.
ఆలంపురానికి రాళ్ళు తోలే బండ్లోళ్ళు
ఏరు దాటేముందు ఇక్కడే ఇరుసులకు కందెన పూసుకునేవాళ్ళని,
అట్లా కందనవోలైందని చెప్తారని చెప్పినాడు.
"కందెన ఎవరన్నా చూసినారా?"
నల్లబడిన ప్యాంటు అంచును
రెండోకాలి వెనక దాచుకున్నాను,
బడిపిల్లోని మాదిరి.

"సరే, ఇంతకుముందు కర్నూలు
చూసినవాళ్ళు చెయ్యెత్తండి."

ఎవరూ ఎత్తలేదు.
నా చెయ్యి లేచింది,
పూర్తిగా కాదు,
మోచేతి ఎత్తుకు,
ఎడమ నుంచి నాలుగో గూటి దాకా.